మూడో చాయ

పాడె భుజాలకెక్కింది, డప్పు మీద మొదటి దెబ్బ పడింది, అంతలోనే సందు మొగదల తెల్ల స్కూటీ ఒకటి అడ్డంగా వచ్చి నిలబడింది.

దాని మీది మనిషి దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి, హెల్మెట్ తీసి అద్దానికి తగిలించి, శవానికి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. దండం పెట్టిన చేతులు దించకుండానే ఎంకయ్య వైపు తిరిగాడు.

"నేను ఆపుతలేను ఎంకయ్యా. మహాతల్లి, మంచిగ పోనియ్యి. ఒక్క మాట చెప్పు చాలు. ఆమె బాకీ ఇగ ఎవరిది?"

ఆయన పేరు ఉమాకాంత్. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల ముందు బండ్లు పెట్టుకొని బతికే ఇడ్లీవాళ్లకు, బజ్జీలవాళ్లకు, పండ్లు కోసి అమ్మేవాళ్లకు వడ్డీకి పైసలు తిప్పుతాడు. ఉండేది నారాయణగూడలో. మాసమ్మకు ఇడ్లీ బండి ఉండేది కాబట్టి మాసమ్మకూ ఇచ్చాడు. జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి శవమై ఇంటికొచ్చిందని ఆయనకు ఎవరు చెప్పారో, పాడె లేచే వేళ ఇంత ఖచ్చితంగా ఎట్లా తెలిసిందో, ఆ క్షణాన ఎంకయ్యకు తట్టలేదు. ఆ క్షణాన ఎంకయ్య చేతిలో నిప్పుల కుండ ఉంది. ఉట్టి తాడు వేళ్లకు కాలుతోంది.

కవాడిగూడ సందులు రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసినంత వెడల్పు. వెనకాల మంచినీళ్ల ట్యాంకర్ హారన్ కొడుతోంది. లేచిన పాడెను మళ్లీ అదే గడప ముందు దించితే ఇంటికి మంచిది కాదని ముసలమ్మలు గుసగుసలాడుతున్నారు. మోసేవాళ్ల మెడల మీద చెమట కారుతోంది. ముందు కుడి పక్క కొమ్ము పట్టినవాడు జైపాల్, మాసమ్మ తమ్ముడు. వాడు ఏడుస్తూనే తల తిప్పి అన్నాడు.

"బావా, ఒక మాట అను. అక్కను ఎండల నిలబెట్టకు."

"నేనిస్త. జరుగు," అన్నాడు ఎంకయ్య.

"గట్టిగ అను. నలుగురు వినాలె గద."

"ఆమె బాకీ నాది. జరుగు."

స్కూటీ జరిగింది. ఉమాకాంత్ చొక్కా జేబులోంచి సెల్‌ఫోన్ కన్ను బయటికి చూస్తూ ఉండటం ఎంకయ్య చూశాడు గానీ, భార్యను సాగనంపుతున్నవాడికి అదొక పట్టింపా. డప్పు మళ్లీ మోగింది.

చచ్చినవాడి పెళ్లికి వచ్చిందే కట్నం అంటారు. ఉమాకాంత్ ఆ పూట అడిగి మరీ కట్నం తీసుకుని పోయాడు.

*

ఎంకయ్య మేస్త్రీ. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి పెళ్లయిన ఏడాదే మాసమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆరో తరగతిలో బడి మానేసినవాడు. అక్కడ నేర్చుకోనిది ఇక్కడ ఇటుకల మీద నేర్చుకున్నాడు. చిక్కడపల్లిలో, అశోక్ నగర్‌లో హాస్టళ్లంటూ లేచిన మేడల్లో సగం మేడలకు అతని తాపీ తగిలింది. పిల్లలు నాలుగు పుస్తకాలు చదివి నౌకరీలు కొట్టే గదుల గోడలు నిటారుగా ఉన్నాయంటే అది అతని చలువే. కాని ఆ మేడల్లోకి ఇప్పుడు పోతే వాచ్‌మన్ ఎవరు కావాలని అడుగుతాడు.

ఇన్నేళ్ల కష్టానికి మిగిలింది ఒక్కటి. కవాడిగూడ బస్తీలో ఒక గది. కిరాయిది కాదు, సొంతం. జాగా పట్టా ఎంకయ్య పేరు మీదనే ఉంది. పగలంతా పరాయి గోడలు కట్టి, ఆదివారాలు ఈ గోడ కట్టుకున్నాడు. మాసమ్మ ఇసుక జల్లించింది. పిల్లలు పుట్టలేదు. ఊళ్లో తల్లి పోతే జైపాల్‌ను చిన్నప్పుడే తెచ్చుకుని ఈ గదిలోనే పెంచింది. వాడు తినకపోతే ఆమె తినేది కాదు. వాడు పెద్దయి, పెళ్లి చేసుకుని, వేరే పోయినా అంతే. వాడి మీద ఎంకయ్య ఒక మాటంటే, "తల్లిలేనోడు, ఊకో" అనేది. ఆ ఒక్క మాటతో ఎంకయ్య నోటికి సున్నం కొట్టేది.

దినాలైపోయాక ఉమాకాంత్ గది ముందుకు వచ్చాడు. ఈసారి స్కూటీ దూరంగా పెట్టి, చెప్పులు విప్పి మరీ వచ్చాడు.

"తొందరేం లేదు ఎంకయ్యా. నువ్వు మాట తప్పే మనిషివి కావు, నాకెర్కనే. ఆమె రాసిన నోటు ఆమెతోనే పోయిందనుకో. నీ పేరు మీద కొత్త నోటు రాసుకుందాం. వడ్డీ గూడ జర తగ్గిస్త."

"నా దగ్గర ఇప్పుడు పని లేదు సేటూ. మోకాలు నొస్తున్నది. ఏడికెల్లి కట్టాలె?"

"అయ్యో, నిన్నిప్పుడు కట్టమన్నదెవరు? నిమ్మళంగ కట్టు." ఆయన గది లోపలికి చూశాడు. గోడలు చూశాడు, పైకప్పు చూశాడు, మూల నుంచి మూలకు చూపుతో టేపు పట్టినట్టు చూశాడు. "ఈ గది పట్టా జిరాక్స్ ఒకటి నోటుకు జోడిద్దాం. ఏదో, ధైర్యానికి."

ఎంకయ్యకు అంత చదువు లేకపోయినా, ఇల్లు చూడవచ్చిన మనిషికీ పరామర్శకు వచ్చిన మనిషికీ తేడా తెలుసు. కొలతలు తీసుకునే కళ్లను ఎన్నో చూశాడు.

"సోచాయించి చెప్త," అన్నాడు.

"సోచాయించుడేంది? శవం ముందర ఇచ్చిన మాట. నా ఫోన్ల పదిలంగ ఉన్నది."

మర్నాటి నుంచి ఒకరి తర్వాత ఒకరు. పెద్దులు వచ్చాడు. వాళ్ల దిక్కు నుంచి వచ్చినవాళ్లకు బస్తీలో ఆయనే పెద్దమనిషి. పెళ్లయినా పంచాయితీ అయినా ఆయన కండువా లేకుండా జరగదు. మంచం మీద కూచుని కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"ఆడిదాని బాకీ మొగోడు కట్టకుంటె మనోళ్ల మొఖం ఎట్ల జూపాలె బిడ్డా? రేపు మన పిల్లలకు ఎవడన్నా రూపాయి ఇస్తడా?"

"నువ్వు కడ్తవా కాకా?"

"నా పెండ్లామా చచ్చింది?" అన్నాడు పెద్దులు. అని, ఆ మాట తనకే బాగా లేనట్టు, నీళ్లు అడిగి తాగాడు.

తర్వాత జైపాల్. వాడు వచ్చి అక్క ఫొటో ముందు కూచుని ఏడ్చాడు. ఏడుపు నిజమే, ఎంకయ్య దాన్ని కాదనడు. ఏడ్చి, ముక్కు చీదుకుని అన్నాడు.

"సంతకం పెట్టెయ్ బావా. అక్క ఆత్మ తిరుగుతది. నేను లేనా, మెల్లమెల్లగ ఇద్దరం కడ్దాం."

"ఇద్దరం కట్టేదానికి నా ఒక్కని గది ఎందుకురా?"

జైపాల్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. బయట వాడి ట్రాలీ ఆటో ఆగి ఉంది. వెనకాల పసుపు రంగుతో 'అక్క దీవెన' అని రాసి ఉంటుంది. ఆ ఆటో కొన్న నాడు మాసమ్మ దానికి కొబ్బరికాయ కొట్టింది, నిమ్మకాయలు తొక్కించింది. ఆ నెలలోనే ఆమె ఉమాకాంత్ దగ్గర అప్పు చేసింది, కొత్త స్టవ్వుకు, గిన్నెలకు, బండి మీది కప్పుకు అని చెప్పింది. స్టవ్వు వచ్చింది. గిన్నెలు రాలేదు. కప్పు రాలేదు. ఎంకయ్య అడిగితే, "నా బండి, నా బాకీ, నేను కట్టుకుంట" అని గరిటె ఎత్తింది. కట్టింది కూడా, మంచాన పడే దాకా.

చచ్చిన మనిషి మీద కోపం రావడమంత దిక్కుమాలిన సంగతి ఇంకొకటి లేదు. అరుద్దామంటే వినేవాళ్లు లేరు. ఎంకయ్య రోజూ పొద్దున అరుగు మీద కూచుని లోలోపలే అరుస్తున్నాడు.

శుక్రవారం నారాయణగూడ హోటల్లో కూచుని నోటు రాయాలని ఉమాకాంత్ ఖరారు చేసి పోయాడు.

*

చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో దమయంతి అనే వకీలమ్మ ఆఫీసు ఉంది. ఆ ఆఫీసుకు టైల్స్ వేసింది ఎంకయ్యే. ఆ ఒక్క ధైర్యంతో మెట్లెక్కాడు. చట్టమంటే అతనికి తెలిసింది లాఠీ ఒక్కటే. అందుకని కుర్చీ అంచుమీద, లేవడానికి సిద్ధంగా కూచుని, పాడె నుంచి పట్టా దాకా చెప్పాడు.

ఆమె మధ్యలో ఆపలేదు. చివర్న అడిగింది.

"మీ భార్య రాసిన నోటు మీద మీరు సంతకం పెట్టిన్రా?"

"లేదు మేడమ్. నేను ఆ సేటు మొఖమే చూడలే అప్పుడు."

"జామీను ఉన్నరా?"

"లేను."

"అయితే ఆ అప్పు మీది కాదు. పెండ్లి చేసుకున్నంత మాత్రాన ఆమె అప్పు మీ నెత్తిన పడదు. మీరే పోయి, ఆమె ఉంటే గూడ అంతే, మీ అప్పు ఆమె నెత్తిన పడదు. ఆమె తన పేరు మీద ఏమన్న వదిలిపోయిందా?"

"ఇడ్లీ బండి. స్టవ్వు. చెవుల కమ్మలు అమ్మి ఆసుపత్రిల కట్టిన."

"అప్పుడు ఆ బండి విలువ ఎంతో, అప్పులాయన అంతవరకే అడగొచ్చు. అది గూడ కోర్టుకు పోయి. మీ కష్టార్జితం జోలికి, మీ గది జోలికి రానీకె లేదు."

ఇంత సులువైన మాట ఇన్ని రోజులు ఎవరూ చెప్పకపోవడం ఎంకయ్యకు ఊరటగా లేదు, ఒళ్లు మండింది.

"మరి పాడె ముందర మాటిచ్చిన గద మేడమ్. ఫోన్ల పట్టుకున్నడు."

"శవానికి బండి అడ్డం పెట్టి గుంజుకున్న మాట. దానికి బదులు మీకేమిచ్చిండు? తోవ ఇచ్చిండు. అది కోర్టుల నిలబడే మాట కాదు. కాని ఒకటి గుర్తు పెట్టుకోండి." ఆమె కళ్లద్దాలు తీసింది. "కొత్త నోటు మీద మీరు సంతకం పెట్టిన్రంటే, అది నిలబడతది. అప్పుడది పోయినామె అప్పు కాదు, మీ అప్పు. ఆయన తిరుగుడంతా దానికే. నిజంగ మీరు బాకీ ఉంటే మీ సంతకంతోని ఆయనకేం పని?"

ఎంకయ్య తల ఊపాడు. గోడ పునాది ఎక్కడుందో అప్పుడు కనపడింది.

"ఇంకోటి," అంది ఆమె. "వడ్డీకిచ్చేటోడు ఒట్టిగ ఇయ్యడు. ఎవరో జామీను ఉంటరు. అసలు మనిషి పోయినా జామీను మనిషి పోడు, ఆయన కట్టాలె. ఆ మనిషిని వదిలిపెట్టి మీ ఎంట ఎందుకు పడ్డడో కనుక్కోండి."

ఎంకయ్య లేచి, ఫీజు ఎంతని అడిగాడు.

"బాత్రూంల నాలుగు టైల్స్ గలగలమంటున్నయి, అవి వచ్చి చూడండి," అంది దమయంతి. "మీరేసినవే."

*

అశోక్ నగర్‌లో మాసమ్మ బండి ఉన్న చోటనే ఉంది, హాస్టల్ గోడకు గొలుసుతో కట్టి. దాని మీద ఎవరో పరీక్షల పాంప్లెట్ అంటించారు. పక్కన మంగ బజ్జీల బండి. మాసమ్మకూ మంగకూ పొద్దున పొయ్యి అంటించడం దగ్గర నుంచి పొద్దుగూకి బండ్లు కడగడం దాకా ఒకటే ముచ్చట. ఎంకయ్యను చూసి మంగ జల్లిగరిటె నూనెలో వదిలేసి వచ్చింది.

"తిన్నవా అన్నా?"

"తిన్న గని, ఒకటి అడుగుత చెప్పు. ఉమాకాంత్ సేటు దగ్గర నువ్వు తీసుకున్నవా ఎప్పుడన్న?"

"ఎవరు తీసుకోలే?" మంగ నవ్వింది. "ఈడ అందరం మూడు చాయలోళ్లమే."

"మూడు చాయలేంది?"

"నీకెర్క లేదా? నారాయణగూడల హోటల్ లేదా, ఆడికి పిలుస్తడు. మూడు చాయలు చెప్తడు. ఒకటి ఆయనది, ఒకటి బాకీ తీసుకునేటోళ్లది, ఒకటి జామీనుది. మూడు చాయలు ఖాళీ అయితెనే పైసలు బయటికి తీస్తడు. జామీనోడు చాయ తాగకుంటె నోటు చింపుతడంట, అంత పట్టింపు. ఆ చాయ పైసలు గూడ మన లెక్కలనే రాస్తడు, ముండకొడుకు."

వేగుతున్న మిరపకాయ పేలింది. మంగ వెనక్కి పరుగెత్తింది.

ఎంకయ్య మాత్రం అక్కడే నిలబడ్డాడు. అప్పు తెచ్చిన నాడు మాసమ్మ నవ్వుతూ ఇంటికి రావడం గుర్తుకొచ్చింది. కొంగున పైసలు కట్టుకుని, ఇరానీ హోటల్లో మొదటిసారి ఆడమనిషి కూచున్నట్టు గొప్పలు పోతూ చెప్పింది. అద్దాలు, పాలరాతి బల్లలు, చాయ మీద మీగడ. "మా పక్కన కూసున్నోడు చాయల ముంచుకోని ముంచుకోని బిస్కెట్ల పళ్లెం ఖాళీ చేసిండు, సేటు నోరు తెరిచిండు."

"ఎవడు వాడు?" అని అడిగాడు తను, బీడీ ముట్టించుకుంటూ.

"ఎవడో తియ్యి, తల్లిలేనోడు," అని లోపలికి పోయింది.

బీడీ పొగలో ఆ మాట పోయింది. ఇన్నాళ్లకు తిరిగి వచ్చింది. లోకంలో తల్లిలేనివాళ్లు లక్షల మంది ఉండొచ్చు. మాసమ్మ నోట్లో మాత్రం ఆ పేరున్నవాడు ఒక్కడే.

పాడె కొమ్ము మోస్తూ, ఏడుస్తూ, 'ఒక మాట అను బావా' అన్నవాడు. పాడె లేచే వేళ సేటుకు ఫోను చేసి చెప్పగలిగినవాడు. ఎంకయ్య మాసమ్మ బండి గొలుసు పట్టుకుని గుంజాడు, ఊరికే, చేతికి ఏదో ఒకటి గుంజే పని కావాలని.

"నాకు చెప్పొద్దా," అన్నాడు పైకే.

"ఏందన్నా?" అంది మంగ.

"నీతోని కాదు."

*

శుక్రవారం నాడు ఎంకయ్య తెల్ల చొక్కా వేసుకున్నాడు. హోటల్లో మూల బల్ల దగ్గర ఉమాకాంత్ ముందే ఉన్నాడు, పక్కన పెద్దులు కండువా సవరించుకుంటూ. జైపాల్ అద్దం పక్క కూచున్నాడు. బయట ఆటో మీద ఒక కన్నేసి. ఏ పనికైనా ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు ఈ పూట అందరికన్నా ముందున్నాడు.

"రా రా ఎంకయ్యా. మాటంటే మాట," అన్నాడు ఉమాకాంత్. నోటు కాగితం బల్ల మీద పరిచాడు, దాని మీద స్టాంపు అంటించే ఉంది. పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు. "పట్టా తెచ్చినవా?"

"తెచ్చిన." ఎంకయ్య జేబు మీద చేయి వేసుకున్నాడు. "ముందు చాయ చెప్పు సేటూ. చాయ లేనిది నువ్వు నోటు రాయవంట గద."

ఉమాకాంత్ మురిశాడు. తన పద్ధతి నలుగురికీ తెలియడం ఏ పెద్దమనిషికి ఇష్టముండదు. వేళ్లు మూడు ఎత్తి చూపించాడు. మూడు చాయలు వచ్చాయి. వాటి వెంట ఉస్మానియా బిస్కెట్ల పళ్లెం. ఒక కప్పు ఉమాకాంత్ తన ముందుకు లాక్కున్నాడు, ఒకటి ఎంకయ్య ముందుకు తోశాడు. మూడోది వేలి కొసతో మెల్లగా జరిపి జరిపి పెద్దులు ముందు పెట్టాడు.

"తాగు పెద్దమనిషీ."

పెద్దులు చేయి చాచాడు.

"కాకా," అన్నాడు ఎంకయ్య, "తాగు గని, ఎర్కుండి తాగు. మూడో చాయ జామీనుది. నేను కట్టకుంటె నువ్వు కట్టాలె. నీ ఇల్లు గూడ సొంతిల్లే గద."

పెద్దులు చేయి కప్పు మీద ఆవిరికి కాలినట్టు వెనక్కి వచ్చింది. ఉమాకాంత్ వైపు చూశాడు. ఉమాకాంత్ కాదనలేదు.

"నాకు షుగర్ ఉన్నది సేటూ," అన్నాడు పెద్దులు. "డాక్టర్ చాయ బంద్ వెట్టిండు."

"చక్కెర లేకుండ చెప్త."

"పాలు గూడ పడవు."

"మొన్న మా ఇంట్ల రెండు తాగినవ్ కాకా," అన్నాడు ఎంకయ్య.

"మొన్నటి సంది పడ్తలేవు బిడ్డా." పెద్దులు కండువా తీసి బల్ల అంచు తుడవడం మొదలుపెట్టాడు. మనోళ్ల మొఖం, మొగోని మాట, రేపటి పిల్లలు, అన్నీ ఆ కండువాలోకి పోయాయి.

మూడో చాయ మీద మీగడ కడుతోంది. ఎంకయ్య ఆ కప్పును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఇటుక సరిచేసేటప్పుడు ఎట్లా పట్టుకుంటాడో అట్లానే పట్టుకుని, బల్ల మీద జరుపుకుంటూ పోయి జైపాల్ ముందు ఆపాడు. బిస్కెట్ల పళ్లెం కూడా పక్కనే పెట్టాడు.

"ఇది నీది."

జైపాల్ బయటికి చూశాడు. "నాదేంది బావా?"

"ఆ దినం ఈ బల్ల మీదనే తాగినవ్ గద. పళ్లెం ఖాళీ చేసినవ్ గద. మీ అక్క ఇంటికొచ్చి చెప్పింది."

"అక్క చెప్పిందా?"

ఆ ఒక్క మాటతో అయిపోయింది. లేదనడానికి ఇక తోవ లేదని జైపాల్‌కు కూడా అప్పుడే తెలిసింది. ముఖం కిందికి దించుకున్నాడు. పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్లు గట్టిగా గట్టిగా ప్రశ్నలు అడుగుకుంటూ జవాబులు చెప్పుకుంటున్నారు, పరీక్ష దగ్గరికొచ్చినట్టుంది.

"సేటూ," అన్నాడు ఎంకయ్య, "ఈన జామీను అవునా కాదా? పాత నోటు తియ్యి, చూద్దాం."

"పాత నోటు ముచ్చట ఎందుకిప్పుడు? అది ఆమెతోని పోయింది."

"ఆమెతోని నేను పంపిందంత నాకెర్కనే. చీర పంపిన, పసుపు కుంకుమ పంపిన, పుస్తె పంపిన. నోటు పంపలే."

ఉమాకాంత్ పెన్ను మూత పెట్టాడు. గొంతు మారింది. "తెలివి ఎక్కువైంది ఎంకయ్యా. శవం ముందర ఏమన్నవో ఊరంతకు చూపెట్టమంటవా?"

"చూపెట్టు. నేను గూడ అదే అంటున్న. పాడెకు బండి అడ్డం పెట్టింది గూడ అండ్ల వస్తది గద. నలుగురు భుజాల మీద ఆడిమనిషి శవం, నడుమ నీ బండి హ్యాండిలు, నీ గొంతు. చూస్తరు. మీ ఇంట్లోళ్లు గూడ చూస్తరు."

"కోర్టుకు పోత."

"పో. నేనే చెప్తున్న, పో. వకీలమ్మ గూడ అదే చెప్పింది. ఆమె పేరు మీద ఇడ్లీ బండి ఉన్నది. అశోక్ నగర్ల గొలుసేసి ఉన్నది, తుప్పు పట్టింది. దానికెంతొస్తె అంత నీది, నేను అడ్డం రాను. కోర్టు వాళ్లు నీకు వడ్డీకిచ్చే లైసెన్సు ఉన్నదా అంటె అది గూడ చూపెట్టుకో. నా గది మీద మాత్రం నీకు ఇటుక గూడ రాదు. ఆ గది ఆమె అప్పు చేసి కట్టలే. నేను కట్టిన."

ఎంకయ్య గొంతు పెద్దది కాలేదు. కాని గల్లా పెట్టె దగ్గర కూచున్నాయన లెక్క ఆపి ఇటు చూశాడు.

ఉమాకాంత్ ఎంకయ్య ముఖం వైపు ఒక్క క్షణం చూసి, మెడ జైపాల్ వైపు తిప్పాడు. వ్యాపారం తెలిసినవాడు, పగలని చోట సుత్తి వేయడు. ఆ చూపు చూసి జైపాల్ ఎంకయ్య వైపు జరిగాడు.

"బావా," అన్నాడు, "ఆటో పోతది బావా. ఆటో పోతె నేను బతకను."

"నా గది పోతె నేను బతుకుతనా?"

"నువ్వు మాటిస్తే సేటు నీతోనే చూసుకుంటనన్నడు. అందుకే..."

"అందుకే పాడె లేచే టైం ఫోన్ చేసి చెప్పినవ్."

పెద్దులు తుడుస్తున్న కండువా ఆగిపోయింది. ఆయన ఎంత పెద్దమనిషైనా పాడె మోసినవాడే, ఎడమ పక్క కొమ్ము ఆయనదే. "నువ్వు పిలిచినవారా?" అన్నాడు. "మీ అక్కను మా భుజాల మీద ఆపిచ్చింది నువ్వా?"

"అక్క నన్ను తల్లి లెక్క చూసింది కాకా. అక్క ఉంటే..."

"అక్క ఉంటే కట్టేది," అన్నాడు ఎంకయ్య. "నాకు చెప్పకుండ కట్టేది, చచ్చేదాక కట్టింది గూడ. పొద్దుగాల లేసి పిండి రుబ్బి నీ ఆటో బాకీ కట్టింది. నేను అడిగితె నా మీద గరిటె ఎత్తింది. అది ఆమె ఇష్టం, ఆమె కష్టం. నేను ఆమె కాను. ఆటో ఎనక అక్క దీవెన అని రాయించుకున్నవ్. దీవెన కాదురా, అక్క బాకీ అని రాయించు. సదువుకుంట నడుపు."

జైపాల్ ఏడ్చాడు. ఈసారి కూడా ఏడుపు నిజమే. ఎంకయ్య గుండెలో ఎక్కడో, ఆ గదిలో అన్నం తినకుండా మూలన అలిగి కూచున్న పిల్లవాడు కదిలాడు. మాసమ్మ అయితే ఈపాటికి కొంగుతో కళ్లు తుడిచి, నోటు మీద వేలిముద్ర కూడా వేసేది. ఎంకయ్య చాయ ఎత్తి గుటకగుటకగా మొత్తం తాగాడు. చల్లారిపోయింది. అయినా తాగాడు.

"తాగురా," అన్నాడు కప్పు దించుతూ. "చల్లగైతే బాగుండదు. తాగి సేటుతోని నెమ్మదిగ మాట్లాడుకో. ఆటో ఉన్నది, చేతులున్నయి, కడ్తవ్. నువ్వు కట్టే నాడు బియ్యం లేవంటె ఇంటికి రా, బువ్వ తిని పో. సంతకానికి మాత్రం రాకు."

లేచాడు. మోకాలు కలుక్కుమంది. బల్ల మీద నోటు కాగితం ఖాళీగా ఉంది, స్టాంపు ఒక్కటి పనికిరాకుండా అంటుకుని ఉంది. జేబు మీది చేయి తీయలేదు. లోపల పట్టా మడత వేళ్లకు తగులుతూ ఉంది. ఉమాకాంత్ ఏదో అన్నాడు, 'చూసుకుంట' అనో 'చూస్త' అనో. ఎంకయ్య తిరగలేదు.

గల్లా దగ్గర ఆగి, చొక్కా రెండో జేబులోంచి నోట్లు తీశాడు.

"రెండు చాయలు."

గల్లా ఆయన మూల బల్ల వైపు చూశాడు. "మూడొచ్చినయి గద అన్నా. ఆ బల్లది సేటు ఖాతా, నువ్వు ఇచ్చేది లేదు."

"సేటుది సేటు ఇచ్చుకుంటడు. ఆ మూడోది ఏడ్సేటోనిది, ఆనితోని తీసుకో. నాదొకటి."

"ఇంకోటి?"

"మా ఆమెది. ఎనకట ఒకపారి వచ్చి తాగింది, సేటు లెక్కల రాసిండు." చిల్లర సరిగ్గా పెట్టి, వేలితో ముందుకు నెట్టాడు. "అది కొట్టెయ్యమను."

గల్లా ఆయనకు అర్థం కాలేదు. అయినా పైసలు పైసలే కాబట్టి తీసి డబ్బాలో వేసుకున్నాడు. ఎంకయ్య బయటికొచ్చి, ఆటో వెనక రాతను ఒకసారి చదివి, మాసమ్మ బండి ఉన్న అశోక్ నగర్ దిక్కు నడిచాడు.